గోదారి నీళ్ళు పోసిన బ్యాటరీ

మొన్న మా కోడలు బీరువా సర్దుతూ అడుగు అరలోంచి ఒక పాత నేతచీర బయటికి తీసింది. కిటికీ వెలుతురుకి పట్టి చూసి, "ఇదేంటత్తయ్యా, జల్లెడలా ఉంది? ఎలకలు కొట్టేశాయా?" అంది. ఎలకలు కాదు, యాసిడ్. మోకాళ్ళ దగ్గరా, కుచ్చిళ్ళ మీదా, పైట చెంగునా శనగగింజంత చిల్లులు. వాటి అంచులు కమిలినట్టు గోధుమరంగుకి తిరిగి, వేలు తగిలితే పొడిపొడిగా రాలుతున్నాయి. "తుడుపుగుడ్డకి కూడా పనికిరాదు, పారేస్తానండి" అంది. "దాన్ని పారేస్తే దాని వెనకాలే నిన్నూ పారేస్తాను" అన్నాను. నా నోరు దానికి అలవాటే. నవ్వి, మడతపెట్టి లోపల పెట్టేసింది. ఆడదాని చీరకి అన్ని యాసిడ్ చిల్లులు ఎందుకు పడ్డాయో ఆ పూట దానికి చెప్పాను. చెప్పాక రాయాలనిపించింది. నలభై దాటాక అ ఆలు దిద్దినదాన్ని, నా రాతలో సొగసు వెతక్కండి. జరిగింది జరిగినట్టు రాస్తాను. అందులో నేను చేసిన తప్పు కూడా ఉంటుంది.

లొల్ల లాకులకి కూతవేటు దూరంలో, కాలవ గట్టు మీద మాకొక పెంకుటి కొట్టు ఉండేది. మా బావ బ్యాటరీ షాపు అది. బావంటే నా పెనిమిటే. మేనత్త కొడుకుని చేసుకున్నాను కాబట్టి చిన్నప్పటి పిలుపే పెళ్ళయ్యాకా నిలిచిపోయింది. ట్రాక్టర్లవీ, లారీలవీ, పెళ్ళిళ్ళ మైకుసెట్లవీ బ్యాటరీలు మా దగ్గరికి వచ్చేవి. కొట్లోకి అడుగుపెడితే ముక్కు చివర చిమచిమలాడించే యాసిడ్ ఘాటు, దాని వెనక కరిగిన తారు వాసన, ఆ వెనకెక్కడో కాలవలోంచి తడిమట్టి వాసన. అప్పటి బ్యాటరీ అంటే నల్లటి గట్టి పెట్టె. అందులో ఆరు గదులు, గదికో మూత, పైన తారు పోసి అతికిన కప్పు. ఆ గదినే సెల్లు అనేవాళ్ళం. ఒక సెల్లు చచ్చిపోతే తారు కరిగించి, ఆ ఒక్కదాన్నే పైకి లాగి, లోపలి ప్లేట్లు మార్చి, సీసం కరగబెట్టి మళ్ళీ అతికేవాడు బావ. ఆరింటిలో ఒకటి పాడైతే ఆరూ పారెయ్యడం మాకు తెలీదు. ఇంట్లో ఒకడికి జ్వరమొస్తే ఇల్లు తగలబెట్టుకుంటామా?

నాకు ముప్పై రెండేళ్ళు వచ్చేసరికి ఆయన కళ్ళు పోవడం మొదలైంది. చక్కెర జబ్బు కళ్ళలోకి దిగింది. ముందు మీటరు ముల్లు కనబడలేదు, తరవాత మీటరే కనబడలేదు, ఆ తరవాత ఎదురుగా నిలబడ్డ మనిషి నీడలా మిగిలాడు. మా మరిది శ్రీను ఐటీఐ చదివి రావులపాలెంలో కొత్త బ్యాటరీలూ ఇన్వర్టర్లూ అమ్మే షాపులో పనిచేసేవాడు. వాడొచ్చి, "అన్నయ్యా, కొట్టు నాకిచ్చెయ్యి, కొత్త సరుకు పెడతాను, మిమ్మల్నిద్దర్నీ నేను చూసుకుంటాను" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. వాడు చెడ్డవాడని నేను ఎన్నడూ అనలేదు. కానీ ఒకడు చూసుకుంటే బతికే ఇంట్లో గట్టిగా తుమ్మడానికి కూడా వెనకాడాలి. అది నా వల్ల కాదు. "కొట్టు ఎవరికీ ఇవ్వం. ఆయన చెబుతాడు, నేను చేస్తాను" అన్నాను.

"యాసిడ్ పనండి వదినా, పప్పు తాలింపు కాదు" అన్నాడు శ్రీను. మాకు వయసులో పెద్ద తేడా లేకపోయినా వాడు నాతో మాట్లాడితే అండీ అనకుండా ఉండడు. వెక్కిరించేటప్పుడు ఇంకో రెండు ఎక్కువ అంటాడు.

"తాలింపులో నూనె చిందితే కాలదేంటి? రోజూ కాలే చేతులే ఇవి" అన్నాను.

అలా మొదలైంది. ఆయనకి చదువుంది, చూపు లేదు. నాకు చూపుంది, చదువు లేదు. ఇద్దరం కలిసి ఒక మెకానిక్కు. అక్షరాలకంటే ముందు నాకు మీటరు మీద అంకెలు వచ్చాయి. ఆయన స్టూలు మీద కూర్చుని మోకాలు మీద వేలితో అంకె గీసి చూపించేవాడు. నేను మీటరు మీద దాన్ని వెతుక్కునేదాన్ని. "ముల్లెక్కడుందే?" "రెండు దాటి ఒక గీత." "అయితే ఆ సెల్లు బాగుంది, పక్కదానికి పో." యాసిడ్ చిక్కదనం చూడ్డానికి రబ్బరు బుడ్డి తగిలించిన గాజు గొట్టం ఉండేది. బుడ్డి నొక్కి పీలిస్తే లోపల చిన్న తేలుడు కదులుతుంది. పచ్చ గీత దగ్గర తేలితే ఆరోగ్యం, ఎర్ర గీతదాకా మునిగితే నీరసం. దానికి అంకెలు కూడా అక్కర్లేదు. నీళ్ళలోకి యాసిడ్ పొయ్యాలి గానీ యాసిడ్‌లోకి నీళ్ళు పొయ్యకూడదు, మొహమ్మీదికి చిమ్ముతుంది. చేతి మీద పడితే ముందు నీళ్ళు, తరవాత వంటసోడా. చీర మీద పడితే చెయ్యడానికేమీ లేదు. మొదటి ఉతుక్కి చిల్లు పడుతుంది, అంతే.

కొట్టు ఇలా ఉంటే, ఇంట్లో రాజ్యం మా అత్తది. అప్పట్లో మా వాడకం గోదారి నీళ్ళే. తెల్లారగానే ఆవిడ మొదటి పని ఆ నీళ్ళకి. ఆషాఢం వచ్చిందంటే గోదారి ఎర్రబడిపోతుంది, బిందెలో చెయ్యి ముంచితే మణికట్టు కింద ఏమీ కనబడదు. ఆవిడ చిల్లగింజని సానరాయి మీద అరగదీసి, ఆ గంధాన్ని రాగి కాగులో కలిపి, కర్రతో ఒకవైపే తిప్పి, పైన గుడ్డ కట్టి వదిలేసేది. మధ్యాహ్నానికి మట్టంతా అడుక్కి దిగిపోయి, పైన నీళ్ళు గాజులా తేలేవి. ఆ కాగు ముట్టుకోవాలంటే స్నానం చేసి రావాలి, దాని మీద బోర్లించిన చెంబుతోనే ముంచాలి. ఎవరైనా తడి కాళ్ళతో అటు నడిచినా, "అటు కాదమ్మా, అటు కాదు" అని వసారాలోంచి కేక. "ఇంతకంటే మంచి నీళ్ళు దేవలోకంలో కూడా దొరకవే" అనేది. నేనూ అలాగే నమ్మాను. పుట్టిన బిడ్డ నాలిక మీద మొదటి చుక్క అవే వేశాం, పోయేవాళ్ళ నోట్లో చివరి చుక్క అవే పోశాం. బ్యాటరీల్లో పొయ్యడానికి రావులపాలెం నుంచి ప్లాస్టిక్ డబ్బాలో వచ్చే డిస్టిల్డ్ వాటర్ వాటికంటే గొప్పదని బావ చెబితే, ఊఁ కొట్టేదాన్ని గానీ లోపల నవ్వుకునేదాన్ని.

ఇక ఆత్రేయపురం మాణిక్యమ్మగారు. ఇంట్లో పదిమంది ఆడవాళ్ళని పెట్టి పూతరేకులు తీయించేవారావిడ. రేకులు తీసే గది చూడనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. బోర్లించిన కుండ, దాని కింద మంట. నీళ్ళలాంటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డ కుండ మీద ఒక్క లాగు లాగితే ఉల్లిపొరలాంటి రేకు లేస్తుంది. గాలి తగిలిందంటే అది చిరిగి ఎగిరిపోతుంది. అందుకని ఫ్యాను ఉండదు, కిటికీలు మూసేస్తారు, తలుపుకి గోనెపట్టా కడతారు. పట్టపగలు కూడా ఆ గది చీకటే. పోనీ లాంతరు పెట్టుకుందామంటే కిరసనాయిలు వాసన రేకుకి పట్టేస్తుంది, తరవాత ఎంత నెయ్యి రాసినా ఆ కంపు పోదు. ట్యూబులైటు ఉంటేనే పని. ఆ రోజుల్లో పొద్దున్న ఆరింటికి కరెంటు తీస్తే తొమ్మిదింటికి ఇచ్చేవారు. ఎండ ముదరకముందు మంట దగ్గర కూర్చోగలిగే గంటలు సరిగ్గా అవే. అందుకని ఆవిడ ఏదో ఆఫీసువాళ్ళు తీసేసిన పాత ఇన్వర్టరు ఒకటి కొనిపించి పెట్టుకున్నారు. ఇనప పెట్టె, ఇద్దరు పట్టి మొయ్యాలి. స్విచ్చి వేస్తే గదిలో కందిరీగలు మూగినట్టు రొద. బ్యాటరీ పక్క వసారాలో. నెలకి రెండుసార్లు వెళ్ళి బ్యాటరీలో నీళ్ళు చూసి రావడం మా పని.

ఆ ఏడాది గోదారి ఎర్రబడిన రోజుల్లోనే కొట్లో డిస్టిల్డ్ వాటర్ డబ్బా నిండుకుంది. బావ తెప్పించమన్నాడు. కాలవ గట్టంతా బురద, రావులపాలెం వెళ్ళేవాళ్ళు లేరు. తలస్నానం చేసి, అత్త చూస్తుండగానే కాగులోంచి రెండు సీసాల నీళ్ళు ముంచుకుని ఆత్రేయపురం పట్టుకెళ్ళాను. ఆరు మూతలూ తీసి, ప్లేట్లు మునిగేదాకా పోశాను. ఇంటికొచ్చాక బావ, "నీళ్ళు పోశావా?" అన్నాడు. "పోశాను బావా, నిండుగా" అన్నాను. అబద్ధం కాదు. దాచిపెట్టాననీ కాదు, అది చెప్పాల్సిన సంగతని నాకు తోచలేదు. ఒకసారి పోస్తే ఏమీ కాలేదు కదా అని మూడు నెలలు అవే పోశాను. డబ్బా సంగతే మర్చిపోయాను.

దసరా వెళ్ళాక మాణిక్యమ్మగారి దగ్గర్నుంచి కబురొచ్చింది. ఇన్వర్టరు పది నిమిషాలు కూడా ఆగట్లేదు, వెంటనే రమ్మని. బావని రిక్షాలో కూర్చోబెట్టుకుని వెళ్ళేసరికి శ్రీను అప్పటికే అక్కడున్నాడు. ఇనప పెట్టె మూత విప్పి, లోపల తొంగి చూస్తూ, జేబులో పెన్ను, ముక్కు మీద చెమట.

"బోర్డు కాలిపోయిందండి. బ్యాటరీ కూడా చచ్చిపోయింది. రెండూ తీసి పారేసి కొత్త సెట్టు పెట్టేద్దామండి, సాయంత్రానికల్లా తెచ్చేస్తాను" అంటున్నాడు.

మాణిక్యమ్మగారు నన్ను చూశారు. పొట్టి మనిషి. ఏళ్ళ తరబడి వేడి రేకులు తీసి తీసి ఆవిడ బొటనవేళ్ళు చెక్కలా తయారయ్యాయి. "ఏమ్మా నూకరత్నం, ఎప్పట్నుంచో నువ్వేగా వచ్చి చూస్తున్నావు? ఏం చూశావు?" అన్నారు.

"ఇప్పుడు చూస్తానండి" అన్నాను.

"ఇప్పుడు చూసేదేంటండి వదినా" అన్నాడు శ్రీను. "పోనీ పెద్దావిడ ముందు ఒక మాటనుకుందాం. దీన్ని మీరు బాగుచేస్తే కొట్టు జోలికి నేను మళ్ళీ రాను. చెయ్యలేకపోతే కొట్టు తాళం నాకిచ్చెయ్యండి. అన్నయ్యని ఇలా ఊళ్ళ వెంట తిప్పడం చూడలేకపోతున్నానండి."

బావ నా మోచెయ్యి నొక్కాడు, తొందరపడకని. నేను తొందరపడ్డాను. "సరే" అన్నాను.

"మీ తాళాలతో నాకు పనిలేదు" అన్నారు మాణిక్యమ్మగారు. "కార్తీకమాసం పెళ్ళిళ్ళకి రేకులు ఒప్పుకుని కూర్చున్నాను. వారం రోజులు చూస్తాను. ఎనిమిదో రోజు ఈ గదిలో లైటు వెలగాలి. ఎవరు వెలిగిస్తారో మీరూ మీరూ తేల్చుకోండి."

బావ గోడ పట్టుకుని వచ్చి ఇనప పెట్టె పక్కన కూలబడ్డాడు. "ముందు రెంటినీ విడదియ్యి. మొగుడూ పెళ్ళాల తగువులో తప్పెవరిదో తెలియాలంటే చెరో గదిలో కూర్చోబెట్టి అడగాలి" అన్నాడు. రేకులు తీసేవాళ్ళు గోనెపట్టా వెనక కిసుక్కున నవ్వారు. పక్కింటి ట్రాక్టరు బ్యాటరీ అడిగి తెచ్చాం. పాతదాని వైర్లు విప్పి దానికి తగిలించాను, ఎరుపు ఎరుపుకి, నలుపు నలుపుకి. కరెంటు పోయినట్టుండాలని గోడకున్న ప్లగ్గు లాగేశాను. ఇనప పెట్టె ఒకసారి గుటకేసి రొద అందుకుంది. రెండు ట్యూబులైట్లూ వెలిగాయి. పది నిమిషాలు గడిచాయి, అరగంట గడిచింది. మాణిక్యమ్మగారు ఇచ్చిన కాఫీ తాగి, గ్లాసులు కడిగి బోర్లించేశాం. గంటైనా లైటు పోలేదు.

"బోర్డు కాలిపోయిందన్నావు కదరా" అన్నాడు బావ.

శ్రీను మూత బిగిస్తూ, "అయితే బ్యాటరీయే" అన్నాడు.

"అది వదిన చెబుతుంది."

బ్యాటరీని రిక్షాలో కొట్టుకి తెచ్చి, పైన పేరుకున్న తెల్లటి ఉప్పు సోడానీళ్ళతో కడిగి ఛార్జింగుకి పెట్టాం. మర్నాడు మధ్యాహ్నానికి అయిదు సెల్లుల్లో బుడగలు లేచాయి. మూడోది మాత్రం ఉడకని ఎసరులా ఊరుకుంది. ఒక్కటే పోయింది, మిగతా అయిదూ బతికే ఉన్నాయని నాకు ప్రాణం లేచొచ్చింది. బావ సంతోషపడలేదు. వైర్లన్నీ తీసేసి ఒక రోజంతా దేనికీ తగిలించకుండా వదిలెయ్యమన్నాడు. "ఊరికే కూర్చుని ఎంత తింటుందో చూద్దాం" అన్నాడు. మర్నాడు గాజు గొట్టం పెట్టి చూస్తే అయిదింటిలోనూ తేలుడు దిగిపోయింది. ఒక్క దీపం వెలిగించకుండానే నీరసపడిపోయాయి. ఆయన తెల్ల పింగాణీ గిన్నె తెమ్మని, సెల్లులోంచి కొంచెం అందులో పొయ్యమన్నాడు.

"రంగేంటి?"

"తేనెరంగు. కొంచెం ఎర్రగా."

"ఎలా ఉండాలి?"

"నీళ్ళలా ఉండాలి."

ఆయన గిన్నె అడుగున వేలు ముంచి, బొటనవేలితో రాసి చూసుకున్నాడు. సోడానీళ్ళలో చెయ్యి కడుక్కుని, తువ్వాలుకి తుడుచుకుని అప్పుడడిగాడు. "నూకాలూ, ఏం నీళ్ళు పోశావే?"

"గోదారివి."

"అమ్మ కాగులోవా?"

"తలస్నానం చేసి మరీ ముంచాను బావా."

ఆయనకి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో ఇప్పటికీ నాకు తెలీదు. మొహం మీద తువ్వాలు వేసుకున్నాడు. అన్నం క్యారేజీ తెచ్చిన అత్త గుమ్మంలోంచి విని, "గోదారి నీళ్ళు పోస్తే పాడైపోవడమేంటిరా? ఇంతమంది మనుషులు అవి తాగి బతకట్లేదూ?" అని ఎగిరిపడింది. "మనుషులు బతుకుతారమ్మా. నీ చిల్లగింజకి మట్టి దిగుతుంది గానీ నీళ్ళలో కరిగిపోయిన ఇనుమూ ఉప్పూ దిగవు. అవి మనిషికి బలం, బ్యాటరీకి విషం" అన్నాడు తువ్వాలు కిందనుంచే. అత్త క్యారేజీ ఠపీమని పెట్టి వెళ్ళిపోయింది. తన కాగుని ఎవరో ఎంగిలి చేసినట్టు రెండు రోజులు మాతో మాట్లాడలేదు.

ఆ మధ్యాహ్నం బావ అన్నం కలుపుకుంటూ, "మూడో సెల్లు వయసైపోయి పోయిందని చెప్పొచ్చు. అదీ నిజమే" అన్నాడు. నిజమే, ఆ సెల్లు పాతబడే పోయింది. సగం నిజం చెబితే చాలు, నేను చేసిన పని ఎవరికీ తెలీదు. ఆ సగం నిజాన్ని నోట్లో పెట్టుకుని ఒక పూటంతా తిరిగాను. మింగుడుపడలేదు. నేను గొప్పదాన్ని కావడం వల్ల కాదు, నాకు కోపం వచ్చింది. శ్రీను సరిగ్గా చూడకుండానే బోర్డు కాలిపోయిందన్నాడు. అది తప్పని తేలాక మూత బిగించుకుని పక్కకి తప్పుకున్నాడు, తప్పు చెప్పానని ఒక్క మాట అనలేదు. నేనూ అదే చేస్తే, కొట్టు నాకు దక్కినా పని నాది కాదు. వాడిలాగే అబద్ధం చెప్పి గెలవడానికేనా నేను చీరలన్నీ కాల్చుకుంది?

మర్నాడు పొద్దున్నే ఆత్రేయపురం వెళ్ళాను. కొత్త బ్యాటరీకి బల్ల ఎక్కడ వెయ్యాలో కొలుచుకోవడానికి శ్రీను కూడా వచ్చి ఉన్నాడు. మంచిదే అనుకున్నాను. రెండుసార్లు చెప్పే పని తప్పింది.

"అమ్మగారూ, బ్యాటరీని పాడుచేసింది నేనేనండి. డిస్టిల్డ్ వాటర్ అయిపోతే మూడు నెలలు గోదారి నీళ్ళు తేర్చి పోశాను."

శ్రీను టేపు వదిలేశాడు. "విన్నారాండీ! రేపు పానకం పోస్తారండి మా వదిన."

మాణిక్యమ్మగారు నవ్వలేదు. "మా రేకుల పిండిలోకి కూడా ఆ నీళ్ళేగా" అన్నారు.

"రేకులకి మంచివేనండి. బ్యాటరీకి కావు."

"ఎవరు చెప్పారు?"

"బ్యాటరీయే చెప్పిందండి. విప్పి చూశాను."

"పాడుచేసినదానివి, బాగుచెయ్యడం వచ్చా?"

"పాడుచేసింది నేను కాబట్టి ఎక్కడ పాడయిందో నాకు తెలుసండి. అతనికి తెలీదు."

ఆవిడ కాసేపు నా చీరకేసి, దాని చిల్లులకేసి చూశారు. "వారంలో మూడు రోజులు అయిపోయాయి. వెళ్ళు" అన్నారు.

మిగిలిన రోజులు నేను ఇంటి పొయ్యి మొహం చూడలేదు. ఆరు సెల్లుల్లో ఉన్న ఎర్రయాసిడ్ అంతా పింగాణీ జాడీల్లోకి వంపి, సోడా వేసి చంపి పారబోశాను. రావులపాలెం నుంచి తెచ్చిన డిస్టిల్డ్ వాటర్‌తో ఒకసారి కడిగి, మళ్ళీ కడిగి, రంగు పోయేదాకా కడిగాను. మూడో సెల్లు చుట్టూ తారు కరిగించి, పట్టకారుతో లాగితే చచ్చిన ప్లేట్లు పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చాయి. కొత్త ప్లేట్లు దించి, సీసం కరగబెట్టి పక్క సెల్లుకి అతకాలి. అది అంతకుముందెప్పుడూ నేను ఒక్కదాన్నే చెయ్యలేదు. బావ నా వెనక నిలబడి చప్పుడు వింటూ చెప్పాడు. "ఇంకా కరగలేదు... ఆగు... ఇప్పుడు మంట తీసెయ్యి." సీసం మెరిసి, ఒక్కసారి మబ్బేసినట్టు గట్టిపడింది. వేలి గోరంత వంకర ఉంది గానీ గట్టిగా ఉంది. కొత్త యాసిడ్ కలిపి పోసి, చల్లారాక తక్కువ మంట మీద పాలు కాచినట్టు రెండు రోజులు నిదానంగా ఛార్జింగు పెట్టాం. ఇప్పుడు మా ఇంట్లో ఉన్న బ్యాటరీకి మూతలు లేవు. లోపల ఏముందో కొన్నవాడికీ తెలీదు, అమ్మినవాడికీ తెలీదు. పాడైతే ఒక కుర్రాడు వచ్చి లైటు రంగు చూసి "మార్చేద్దామండి" అంటాడు, వాడితో తగువేసుకోవడానికి కూడా ఏమీ ఉండదు. సుఖమే, కాదనను. చేతులు కాలవు, చీరలు చిరగవు. కానీ విప్పనివాడికి తప్పు చేసే అవకాశం లేదు, దిద్దుకునే అవకాశమూ లేదు. నాకా రెండూ దొరికాయి. ఆ కాలం కష్టకాలమని ఎవరైనా జాలిపడితే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది.

ఎనిమిదో రోజు తెల్లారకముందే బావతో వెళ్ళి మాణిక్యమ్మగారి వసారాలో బ్యాటరీ తగిలించాను. ఆరింటికి కరెంటు పోయింది. ఇనప పెట్టె గుటకేసింది, లైట్లు వెలిగాయి. మాణిక్యమ్మగారు తనే కుండ ముందు కూర్చుని మొదటి రేకు తీసి లైటుకి పట్టారు. అందులోంచి ఆవిడ మొహం కనబడింది. "కానివ్వండి" అన్నారు. పదిమందీ పనిలోకి దిగారు. వీధిలో శ్రీను తెచ్చిన కొత్త బ్యాటరీ రిక్షా మీద ఎదురుచూస్తోంది, వాడు దాని పక్కన నిలబడి వక్కపొడి నములుతున్నాడు. ఏడైంది. ఏడున్నరైంది. ఎనిమిదింటికి లైట్లు ఒక్కసారి ముడుచుకుని, మళ్ళీ వెలిగి, మళ్ళీ ముడుచుకున్నాయి. కుండల మీద చేతులు ఆగిపోయాయి.

"అదిగో" అన్నాడు శ్రీను గుమ్మంలోంచి.

నేను వసారాలోకి పరిగెత్తాను. మీటరు తియ్యడానికి వ్యవధి లేదు. బావ చెప్పిన మాట ఒకటుంది, వేడెక్కడుంటే దొంగ అక్కడే అని. వైరు పట్టుకుని ఇనప పెట్టె దగ్గర్నుంచి బ్యాటరీదాకా చెయ్యి జరుపుకుంటూ వచ్చాను. చల్లగా, చల్లగా, చల్లగా ఉండి, బ్యాటరీ మీద బిగింపు దగ్గర చుర్రుమంది. నట్టు వదులు. హడావిడిలో నేనే సరిగ్గా బిగించలేదు. స్పానరు తీసుకుని, అరచెయ్యి కాలుతుంటే కొంగు చుట్టి, రెండు తిప్పులు తిప్పాను. లోపల రొద సమంగా మారింది. గోనెపట్టా వెనకనుంచి, "వచ్చిందొచ్చింది, కానివ్వండమ్మా" అని ఎవరో అరిచారు.

తొమ్మిదింటికి కరెంటు వచ్చింది. అప్పటిదాకా లైట్లు కదల్లేదు.

మాణిక్యమ్మగారు నుదురు తుడుచుకుంటూ బయటికొచ్చి, శ్రీనుతో, "నీ రిక్షా తీసుకుపో నాయనా, దారికి అడ్డంగా ఉంది" అన్నారు. వాడు కదల్లేదు. నాకేసి తిరిగి, "ఈసారికి అయ్యిందండి వదినా. ఇందాక ఆ నట్టు కూడా మీ తప్పేగా. మళ్ళీ తప్పు చేస్తేనో?" అన్నాడు.

బొడ్లోంచి కొట్టు తాళంచెవి తీసి వాడి ముందు పట్టాను. "చేస్తాను. చేస్తే మళ్ళీ వచ్చి నా తప్పేనని చెబుతాను, మళ్ళీ బాగుచేస్తాను. బోర్డు కాలిపోయిందని నువ్వు చెప్పింది తప్పని ఈవిడతో ఒక్క మాట అను, ఇదిగో తాళం, తీసుకుపో."

వాడు తాళంచెవికేసి చూశాడు, మాణిక్యమ్మగారికేసి చూశాడు, వాళ్ళన్నయ్యకేసి చూశాడు. తరవాత రిక్షా అతనితో, "పదరా" అన్నాడు. నేను తాళంచెవి బొడ్లో దోపుకున్నాను.

ఇంటికి తిరిగొస్తుంటే కాలవ గట్టు మీద ఎండ చుర్రుమంటోంది. నా అరచేతిలో బొబ్బ లేచింది. రిక్షాలో నా పక్కన బావ కూర్చున్నాడు. లాకుల చప్పుడు వినిపించే దూరానికి వచ్చాక, "మూడు నెలలు ఆ నీళ్ళు ఒక్క బ్యాటరీకే పోశావంటే నేను నమ్మనే" అన్నాడు.

"ఒక్కదానికి కాదు."

"ఎన్ని?"

"ఇంకో ఏడు."

రిక్షా అతను వెనక్కి తిరిగి చూశాడు.

"వాళ్ళింకా రాలేదు కదా" అన్నాడు బావ. "బ్యాటరీలు పాడై వాళ్ళే వచ్చేదాకా ఆగుదామా?" ఆయన గొంతులో ఏమీ లేదు, అటూ తొయ్యలేదు, ఇటూ లాగలేదు. తాళం నాది కాబట్టి నన్నడిగాడు, అంతే.

రిక్షాని కొట్టు దగ్గర ఆపకుండా, ఆ ఏడింటిలో మొదటి బ్యాటరీ ఉన్న రైసుమిల్లు వైపు పోనివ్వమన్నాను. ఆ పూట మొదలుపెట్టి రెండు రోజుల్లో ఏడుగురి ఇళ్ళకీ వెళ్ళి చెప్పాను. తిట్టేవాళ్ళు తిట్టారు. మైకుసెట్టు ఆయన నా ఎదురుగానే బ్యాటరీ ఎత్తుకుపోయి వేరేచోట ఇచ్చుకున్నాడు. మిగిలిన ఆరూ నేనే కడిగాను.